రాకల్ స్కోరు 8, ఎయిమ్స్65 స్కోరు 1: ఒకే మనిషికి రెండు జాతకాలా?

వార్డు బయట బెంచీ అడిగినది, రాత్రి 11:40

నమస్కారం. నిద్ర పట్టక ఇక్కడ రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి.

నాన్న వయసు 68. నాలుగేళ్ళ కిందట గుండెకు స్టెంట్ వేశారు. అప్పటినుంచి రోజూ ఆస్పిరిన్ 75, మెటోప్రోలాల్. ఇవి కాక మోకాళ్ళ నొప్పులకు డైక్లోఫెనాక్ కూడా మింగుతున్నారని ఎవరికీ తెలియదు. మొన్న దుప్పట్లు దులుపుతుంటే తలగడ కింద ఖాళీ అట్టలు ఏడు దొరికాయి. రెండు రోజులపాటు విరేచనం నల్లగా, తారులా, జిగటగా అయిందట. అదీ చెప్పలేదు. మూడో రోజు తెల్లవారుజామున బాత్రూంలో కళ్ళు తిరిగి పడిపోయారు.

హాస్పిటల్‌కి తెచ్చినప్పుడు బీపీ 96/60, పల్స్ 88, హిమోగ్లోబిన్ 9.1, యూరియా 84, క్రియాటినిన్ 1.1, అల్బుమిన్ (రక్తంలోని ప్రొటీన్) 3.4, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చెప్పే పరీక్ష) 1.1. స్పృహ బాగానే ఉంది. సెలైన్ పెట్టడానికి వచ్చిన సిస్టర్‌ని "సాయంత్రానికి పంపించేస్తారా అమ్మా" అని అడిగారు. 14 గంటల తర్వాత ఎండోస్కోపీ చేశారు. రిపోర్టులో ఉన్నది ఇది: కడుపు లెస్సర్ కర్వేచర్ (చిన్న వంపు) మీద ఒకటిన్నర సెంటీమీటర్ల పుండు, అడుగున రక్తనాళం కనిపిస్తోంది, ఫారెస్ట్ 2ఎ (పుండు కనబడే తీరును బట్టి ఇచ్చే తరగతి). అడ్రినలిన్ సూది వేసి రెండు క్లిప్పులు పెట్టారు. పాంటాప్రజోల్ (కడుపులో యాసిడ్ తగ్గించే మందు) డ్రిప్ మొదలై 20 గంటలైంది. హిమోగ్లోబిన్ మధ్యలో 7.6కి దిగితే ఒక యూనిట్ రక్తం ఎక్కించారు, ఇప్పుడు 8.5.

కేస్ షీట్‌లో జీబీఎస్ 15 అని రాసి దాని చుట్టూ పెన్నుతో సున్నా చుట్టారు. అదేమిటో చూద్దామని ఫోన్ తీయడమే నా తప్పు. స్కోర్ల కాలిక్యులేటర్లు వరసగా దొరికాయి. కడుపులో రక్తం కారినవాళ్ళకు ప్రాణాపాయం ఎంతో చెప్పే రాకల్ స్కోరు లెక్కేస్తే 8 వచ్చింది. 8, ఆపైన ఉన్నవాళ్ళలో దాదాపు 40 శాతం మంది చనిపోయారని పక్కనే పట్టిక. చేతులు చల్లబడ్డాయి. తర్వాత అలాంటిదే ఎయిమ్స్65 అనే ఇంకో స్కోరు లెక్కేశాను, 1 వచ్చింది. అక్కడ ప్రమాదం ఒక శాతం పైచిలుకే. మనిషి ఒక్కరే, రక్తపరీక్షలు అవే. ఒకటి నలభై అంటుంది, ఇంకొకటి ఒకటి అంటుంది. దేన్ని నమ్మాలి?

ఇంకో రెండు సందేహాలు. ఎండోస్కోపీకి 14 గంటలు ఎందుకు ఆగారు? ఆస్పిరిన్ ఇక జన్మలో ముట్టించొద్దని బాబాయి పట్టుబడుతున్నారు, అది సరైనదేనా? డ్యూటీ డాక్టర్‌ని అడిగితే "చూద్దాం" అన్నారు. ఆ మాటకు అర్థమేమిటో కూడా చెప్పండి.

---

రెండుసార్లు కారినవాణ్ణి, రాత్రి 11:58

అక్కా, నాకు రెండుసార్లు అయింది, ఇప్పుడు టైప్ చేస్తున్నాను కదా. మొదటిసారి పుండు అడుగు శుభ్రంగా ఉందన్నారు, ఫారెస్ట్ 3. మర్నాడే పంపించేశారు. రెండోసారి రక్తం గడ్డ అతుక్కుని ఉందని నాలుగు రోజులు ఉంచారు. రెండుసార్లూ నాకు ఒకేలా ఉంది, అదే నీరసం, అదే భయం. లోపల కెమెరా ఏం చూసిందన్నదే తేడా. ఫోన్ పక్కన పెట్టి కాసేపు పడుకోండి.

---

కెమెరా వెనక మనిషి, రాత్రి 12:35

గ్యాస్ట్రో డాక్టర్ని, ఇరవై రెండేళ్ళ సర్వీసు. మీ నాన్నగారిని నేను చూడలేదు కాబట్టి అక్కడ చూస్తున్న డాక్టర్ మాటే చివరి మాట. లెక్క సంగతి మాత్రం చెప్పగలను.

చూడమ్మా, ఈ స్కోర్లన్నీ ఒకే ప్రశ్నకు జవాబులు కావు. జీబీఎస్, అంటే గ్లాస్గో బ్లాచ్‌ఫోర్డ్, 2000లో వచ్చింది. "ఈ మనిషికి రక్తమో, ఎండోస్కోపీ చికిత్సో, ఆపరేషనో అవసరమవుతుందా, లేక ఇంటికి పంపొచ్చా?" అని ఎండోస్కోపీకి ముందే తేల్చడానికి తయారుచేసిన స్కోరు. దాని అసలు బలం కింది కొసలో ఉంది. 0 గానీ 1 గానీ వస్తే ఆ మనిషిని చాలావరకు ధైర్యంగా ఇంటికి పంపొచ్చు. మీ నాన్నగారి 15 ఎలా వచ్చిందంటే, హిమోగ్లోబిన్ 10 లోపు ఉన్నందుకు 6, యూరియాకు 4, బీపీకి 2, కళ్ళు తిరిగి పడిపోయినందుకు 2, నల్ల విరేచనానికి 1. దాని తాత్పర్యం "ఈయనకు చికిత్స కావాలి" అని. అది చేశారు కూడా. 15 చుట్టూ సున్నా చుట్టింది మిమ్మల్ని భయపెట్టడానికి కాదు, ఎండోస్కోపీ లిస్టులో పేరు ముందుకు రావాలని.

యూరియా దగ్గర చాలామంది తప్పులో కాలేస్తారు. కాలిక్యులేటర్ అడిగేది బీయూఎన్, అంటే యూరియాలోని నైట్రోజన్ మాత్రమే. మన ల్యాబులు ఇచ్చేది తరచుగా యూరియా. 84ని 2.14తో భాగిస్తే బీయూఎన్ 39 వస్తుంది, దానికి 4 పాయింట్లు. అలా భాగించకుండా 84నే కొట్టి ఉంటే 6 పడి మొత్తం 17 అయ్యేది. కిడ్నీ బాగున్నా, అంటే క్రియాటినిన్ 1.1 ఉన్నా, యూరియా ఎందుకు పెరిగిందంటే, కడుపులో కారిన రక్తం కిందికి జారి అరుగుతుంది. రక్తమంటే ప్రొటీనే కదా, అరిగిన ప్రొటీన్ యూరియాగా తేలుతుంది. కారిన రక్తానికి అది రసీదు లాంటిది.

ఇక మీ చేతులు చల్లబరిచిన రాకల్. దాని అంకెలు ఇంగ్లండులో 1993లో నాలుగు వేలకు పైగా కేసుల నుంచి తీసినవి, అచ్చయింది 1996లో. అప్పటికి ఇప్పటి ఈ డ్రిప్ వాడుకలో లేదు. క్లిప్పులు ఇంత మామూలు కాలేదు. ఆ 40 శాతం అప్పటి మనుషులది, అప్పటి వైద్యానిది. పైగా ఆ పట్టికలో "8, ఆపైన" అని ఒకే బుట్టలో వేశారు. 9, 10, 11 వచ్చినవాళ్ళు, అంటే కిడ్నీలు పోయినవాళ్ళు, క్యాన్సర్ ఒళ్ళంతా పాకినవాళ్ళు కూడా అదే బుట్టలో ఉన్నారు. మీ నాన్నగారు ఆ బుట్ట అంచున ఉన్న మనిషి.

ఆయన 8 ఏమిటో విప్పి చూడండి. వయసుకు 1, బీపీ వందలోపు ఉన్నందుకు 2, గుండె జబ్బుకు 2, పుండుకు 1, కనబడే రక్తనాళానికి 2. గుండెకు పడ్డ ఆ 2 దగ్గర నాకు ఎప్పుడూ చిరాకే. స్టెంట్ వేయించుకుని రోజూ మెట్లెక్కి దిగే మనిషికీ, గుండె కొట్టుకోలేక మంచం మీద కూర్చుని రాత్రంతా ఆయాసపడే మనిషికీ అదే 2.

అట్లా అని ఎయిమ్స్65 మీద కూడా మరీ ప్రేమ పెంచుకోకండి. అది 2011లో అమెరికా ఆస్పత్రుల రికార్డుల నుంచి వచ్చింది. అల్బుమిన్, ఐఎన్ఆర్, స్పృహ, బీపీ, వయసు, ఈ అయిదే అడుగుతుంది. పుండు ఎలా ఉందన్న ఊసే లేదు. బీపీ 90 లోపు ఉంటేనే పాయింటు, మీకు 96 కాబట్టి సున్నా. బీపీ ఇంకో ఆరు అంకెలు దిగి ఉంటే స్కోరు 2 అయ్యేది, పట్టికలో ప్రమాదం ఒక శాతం నుంచి అయిదుకు ఎగిరేది. పొద్దున లేచి కూర్చోగానే అటూ ఇటూ అయ్యే ఆరు అంకెలు! మనిషిలో ఏమీ మారలేదు, గీత మారింది అంతే. పల్స్ 88 అన్నారు, దాన్ని కూడా పూర్తిగా నమ్మను. మెటోప్రోలాల్ వేసుకునే మనిషి గుండె పరిగెత్తాలనుకున్నా మందు పట్టి ఆపుతుంది. ఆ మందు లేకపోతే 115 ఉండేదేమో.

2021లో ఏబీసీ అని ఒకటి వచ్చింది. వయసు, రక్తపరీక్షలు, పాత జబ్బులు కలిపి చూస్తుంది. అందులో మీ నాన్నగారికి 3 పడుతుంది, అది తక్కువ ప్రమాదం గుంపులో చివరి మెట్టు. అన్నీ చూశాక నా అంచనా అడిగితే, ఒకటికీ నలభైకీ మధ్యలో ఎక్కడో కాదు, ఒకటికి బాగా దగ్గరగా. చూడని మనిషి గురించి ఇంతకంటే చెప్పకూడదు.

అసలు ఈ రాత్రి మీరు భయపడాల్సింది ఈ స్కోర్లేవీ సరిగా చెప్పలేని దాని గురించి. పుండు మళ్ళీ కారుతుందా అన్నది. దానికి ఫారెస్ట్ వర్గీకరణే దిక్కు, 1974 నాటిది, ఇంకా దాన్ని మించినది రాలేదు. వైద్యం ఏమీ చేయకుండా వదిలేస్తే, ఎండోస్కోపీలో రక్తం కారుతూ కనబడ్డ పుండ్లలో సగానికి పైగా, నాళం కనబడేవి వందలో 43, గడ్డ అతుక్కున్నవి 22, మచ్చ మాత్రమే ఉన్నవి 10, అడుగు శుభ్రంగా ఉన్నవి 5 మళ్ళీ కారేవి. పైన తమ్ముడు మర్నాడే ఇంటికి పోయింది అందుకే. మీ నాన్నగారి నాళాన్ని క్లిప్పులతో పట్టేశారు, పైన డ్రిప్ నడుస్తోంది. 2000లో హాంకాంగ్‌లో 240 మంది మీద చేసిన పరిశోధనలో, ఎండోస్కోపీలో రక్తం ఆపాక ఇలాంటి డ్రిప్ 72 గంటలు ఇచ్చినవాళ్ళలో నెలలోపు మళ్ళీ కారింది 6.7 శాతం మందికి, ఇవ్వనివాళ్ళలో 22.5 శాతం మందికి. కారినవాటిలో ఎక్కువ మొదటి మూడు రోజుల్లోనే. మీకు 20 గంటలు గడిచాయి. ఇంకా 52 ఉన్నాయి. "చూద్దాం" అంటే అదమ్మా.

పుండు లెస్సర్ కర్వేచర్ మీద ఉండటం నాకు కొంచెం గుచ్చుకుంటోంది. పైభాగంలో ఉంటే లెఫ్ట్ గ్యాస్ట్రిక్ ఆర్టరీ (కడుపుకు రక్తం తెచ్చే నాళం) కొమ్మలు దగ్గరగా ఉంటాయి, అవి చిన్నవి కావు. రిపోర్టులో పైనా, కిందా అన్నది ఉంటే చూడండి. పరిమాణం రెండు సెంటీమీటర్లు దాటకపోవడం మంచిదే.

14 గంటల సంగతి: అది ఆలస్యం కాదు. 24 గంటల్లోపు చేయాలన్నది నియమం. బ్లాచ్‌ఫోర్డ్ 12, ఆపైన ఉన్నవాళ్ళను ఆరు గంటల్లోపే చూస్తే ప్రాణాలు ఎక్కువ నిలుస్తాయా అని 2020లో పరీక్షించారు. నిలవలేదు. తొందరగా చేసినవాళ్ళలో నెలలోపు మరణాలు 8.9 శాతం, ఆగి చేసినవాళ్ళలో 6.6. తేడా లెక్కకొచ్చేంత పెద్దది కాదు గానీ, తొందరపాటుతో ఒరిగింది లేదని మాత్రం తేలింది. ముందు బీపీ నిలబెట్టి, తర్వాత కెమెరా. ఒక్క యూనిట్ రక్తమే ఎందుకంటే, అదీ లెక్క ప్రకారమే. మామూలు మనిషికి హిమోగ్లోబిన్ 7 కిందికి దిగితే ఎక్కిస్తాం, గుండె జబ్బు ఉంటే 8 దగ్గరే. పైకి నింపేద్దామనుకుంటే మేలు కాదు, 2013లో బార్సిలోనా నుంచి వచ్చిన పరిశోధనలో పొదుపుగా ఎక్కించినవాళ్ళే ఎక్కువమంది బతికారు.

స్కోర్ల మీద ఇంత మాట్లాడాను కదా, నా బుద్ధి ఎక్కడ వచ్చిందో కూడా చెప్తాను. చదువుకునే రోజుల్లో ఒక రాత్రి ముప్పై ఏళ్ళ కుర్రాడు నల్ల విరేచనమని వచ్చాడు. హిమోగ్లోబిన్ 14. "పద్నాలుగుంటే ఏముందిలే, రేపు ఓపీకి రా" అనబోయాను. నాళంలోంచి పోయేది నీరూ కణాలూ కలిసే పోతాయి, కాబట్టి మొదటి గంటల్లో శాతం మారదు, ఒళ్ళు నీళ్ళు లాగి నింపుకున్నాకే పడుతుంది. పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను, ఆ రాత్రి గుర్తుకు రాలేదు. అక్కడున్న సిస్టర్ "ఒకసారి నిలబెట్టి బీపీ చూడండి సర్" అంది. నిలబెట్టగానే 76. తెల్లారేసరికి హిమోగ్లోబిన్ 8.9.

---

ఐసీయూ పాత సిస్టర్, రాత్రి 1:10

డాక్టరుగారు సిస్టర్ మాట ఒప్పుకోవడం చూశాను, ఈ పోస్టు దాచుకుంటాను.

తల్లీ, నేను ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యాను. మా మొదటి రోజుల్లో ముక్కులోంచి గొట్టం వేసి ఐసు నీళ్ళతో కడుపు కడిగేవాళ్ళం, రాత్రంతా అదే పని. చేతులు మొద్దుబారిపోయేవి. అది పనికిరాదని తర్వాత మానేశారు. కాబట్టి ఈ స్కోర్లు ఎన్నాళ్ళుంటాయో నాకు నమ్మకం లేదు, మీరు మాత్రం నాన్నగారి వైపు చూడండి.

విరేచనం ఇంకో మూడు నాలుగు రోజులు నల్లగానే అవుతుంది, అది లోపల మిగిలిన పాత రక్తం. దానికి కంగారుపడి వార్డంతా లేపకండి. ఎర్రగా వచ్చినా, రక్తం వాంతి అయినా, ఒక్క క్షణం ఆగకుండా సిస్టర్‌ని పిలవండి. పల్స్ నిన్నటికంటే ఇరవై పెరిగితే చెప్పండి, మెటోప్రోలాల్ ఆపి ఉంటే ఇప్పుడు పల్స్ నిజం చెప్తుంది. నుదుటి మీద చల్లటి చెమట. మూత్రం తగ్గడం. ఇవన్నీ అందరూ చెప్తారు. నేను ఇంకొకటి చూసేదాన్ని, మనిషి ఊరికే అసహనంగా అవడం. దుప్పటి తీసేయడం, వేసుకోవడం, "నన్ను లేపండి, బయటికి పోతాను" అనడం. బీపీ పడక ముందే అది కనబడేది. మీ నాన్నగారు సాయంత్రానికి పంపిస్తారా అని నవ్వుతూ అడిగారు చూడండి, అది వేరు. అదే మాట పళ్ళు బిగించి నాలుగుసార్లు అడిగితే వేరు.

---

వార్డు బయట బెంచీ, రాత్రి 1:25

సర్, సిస్టర్‌గారూ, ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. వెళ్ళి చూసొచ్చాను. దుప్పటి నిండా కప్పుకుని గురక పెడుతున్నారు. పల్స్ 82. రిపోర్టులో "మధ్యభాగం" అని ఉంది, పైభాగం కాదు.

ఆస్పిరిన్ మాట చెప్పలేదు సర్. బాబాయి పొద్దున్నే వస్తారు.

---

కెమెరా వెనక మనిషి, రాత్రి 1:50

అవును, మరిచాను. బాబాయిగారికి ఇది చదివి వినిపించండి.

స్టెంట్ ఉన్న మనిషికి ఆస్పిరిన్ శాశ్వతంగా ఆపడం అంటే కడుపును కాపాడి గుండెను వదిలేయడం. 2010లో హాంకాంగ్‌లోనే, ఇలా పుండు కారి ఎండోస్కోపీలో ఆపాక, గుండె లేక మెదడు జబ్బుకు ఆస్పిరిన్ అవసరమున్న 156 మందిని రెండుగా విడదీశారు. వెంటనే మొదలుపెట్టినవాళ్ళలో పుండు మళ్ళీ కారడం ఎక్కువే, 10.3 శాతం, ఆపినవాళ్ళలో 5.4. ఎనిమిది వారాల్లో చనిపోయింది మాత్రం మొదటి గుంపులో 1.3 శాతం, ఆపిన గుంపులో 12.9. అందుకే ఒకటి నుంచి మూడు రోజుల్లో తిరిగి మొదలుపెట్టమంటాం, పాంటాప్రజోల్ లాంటి మందు తోడు పెట్టి. ఏ రోజన్నది మీ కార్డియాలజిస్టూ, గ్యాస్ట్రో డాక్టరూ కూర్చుని తేలుస్తారు, మీరు గానీ బాబాయిగారు గానీ కాదు. జన్మలో ముట్టించకూడనిది ఆ డైక్లోఫెనాక్.

ఇంకో మాట. ఇలా పుండు కారి చనిపోయేవాళ్ళలో అత్యధికులు రక్తం పోయి చనిపోరు. పదివేలకు పైగా కేసులు చూసిన ఒక పరిశోధనలో, మరణాల్లో దాదాపు 80 శాతం గుండె, ఊపిరితిత్తులు, క్యాన్సర్, అవయవాలు ఒక్కొక్కటీ మొరాయించడం, ఇలాంటివే. పుండు తలుపు తీస్తుంది, లోపలికి వచ్చేది పాత జబ్బు. కాబట్టి క్లిప్పులు పట్టి ఉన్నాయి కదా అని గుండె మందుల చీటీ సంచిలో పడేయకండి. దగ్గు, ఆయాసం, ఛాతీలో పట్టేసినట్టు ఉండటం, ఇవి కూడా చెప్పాల్సినవే.

---

రెండుసార్లు కారినవాణ్ణి, ఉదయం 6:15

సర్, నాకు రెండోసారి ఎందుకు కారిందో చెప్తాను. మొదటిసారి బ్యాక్టీరియా టెస్ట్ నెగెటివ్ అన్నారు, వదిలేశాను. రెండేళ్ళ తర్వాత మళ్ళీ చేస్తే హెలికోబ్యాక్టర్ (కడుపులో పుండు తెచ్చే బ్యాక్టీరియా) పాజిటివ్. రెండు వారాల మందులు వాడాక మళ్ళీ రాలేదు.

---

వార్డు బయట బెంచీ, నాలుగో రోజు సాయంత్రం

అప్‌డేట్ ఇస్తున్నాను. 72 గంటలు దాటాయి. డ్రిప్ తీసేసి బిళ్ళల్లోకి మార్చారు. హిమోగ్లోబిన్ 8.8. విరేచనం ఇంకా నల్లగానే ఉంది కానీ జిగట తగ్గింది (ఇలాంటివి అపరిచితులకు రాస్తానని అనుకోలేదు). ఆస్పిరిన్ నిన్న మొదలుపెట్టారు. బాబాయి రాత్రంతా అలిగి, పొద్దున తనే నీళ్ళగ్లాసు అందించారు.

నొప్పి బిళ్ళలు ఎక్కడ కొన్నారో నాన్న ఇంకా చెప్పడం లేదు. పుండు అంచు నుంచి ముక్క తీసి పంపారు, ఆ రిపోర్టు రావాలి. ఎనిమిది వారాలకు మళ్ళీ ఎండోస్కోపీకి రమ్మన్నారు, పుండు మానిందో లేదో చూడాలట. ఎందుకని అడిగితే కడుపులో పుండు కాబట్టి అన్నారు. ఇంకేమీ అనలేదు, నేను అడగలేదు. బ్యాక్టీరియా టెస్ట్ మాత్రం నెగెటివ్ వచ్చింది.

---

కెమెరా వెనక మనిషి, అదే రాత్రి 9:05

శుభం. కడుపులో పుండు కొన్నిసార్లు క్యాన్సర్ అయి ఉండి మామూలు పుండులా నటిస్తుంది, అందుకే ముక్క తీస్తాం, మానేదాకా చూస్తాం. అందరికీ చేసేదే. ఆ రెండో ఎండోస్కోపీ ఎగ్గొట్టకండి.

బ్యాక్టీరియా నెగెటివ్‌ని నమ్మొద్దు. రక్తం కారుతున్నప్పుడు చేస్తే ఉన్నది కూడా లేనట్టు చూపిస్తుంది, పైన తమ్ముడికి జరిగింది అదే అయ్యుండొచ్చు. పాంటాప్రజోల్ వాడుతున్నా దొరకదు. ఎనిమిది వారాలకు వెళ్ళినప్పుడు ఆ మందు రెండు వారాల ముందు ఆపొచ్చా అని డాక్టర్‌ని అడిగి, ఆయన సరేనంటేనే ఆపి, టెస్ట్ మళ్ళీ చేయించండి. ఆస్పిరిన్ ఉంది కాబట్టి మీ అంతట మీరు ఆపకండి.